మెడదాకా నూనె

నానాజీ నోరు పడిపోయింది.

మంగళవారం పొద్దున్న ఆరున్నరకి. అనకాపల్లిలో, అతని సొంత జిమ్‌లోనే.

బార్ ఎత్తుతున్న మనిషికి ఊపిరి వదలమని చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. అద్దంలో చూసుకున్నాడు. రెండు రెప్పలూ వాలిపోయి ఉన్నాయి. అద్దంలో తనే ఇద్దరుగా కనిపించాడు. గోడ పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

నూట యాభై కిలోలు ఎత్తే మనిషి. తన చెయ్యి తను ఎత్తుకోలేకపోయాడు.

ఆసుపత్రిలో ముందు కట్లపాము అనుకున్నారు. చెరకు కోతల కాలం. రెప్పలు వాలి, మాట ముద్దయి, తోటల్లోంచి మోసుకొచ్చేవాళ్లు వాళ్లకి కొత్త కాదు. ఒళ్లంతా వెతికారు. కాటు లేదు. అయినా పాము విరుగుడు ఎక్కించారు. పని చెయ్యలేదు. పన్నెండయ్యేసరికి ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు.

డాక్టర్ హాసిని టౌన్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. పాము కాదంది. ఏదో విషం ఒంట్లోకి వెళ్లిందంది. అది ఏ విషమో తెలిస్తే గాని తను చెయ్యగలిగింది లేదు. ఏం తిన్నాడో కనుక్కోండి, తొందరగా కనుక్కోండి అని రెండుసార్లు చెప్పింది.

ఈలోగా ఊరు తేల్చేసింది. విషం పెట్టింది తలుపులమ్మ.

తలుపులమ్మది జిమ్ ఎదురుగా సలాడ్ కొట్టు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే తుమ్మపాల నుంచి ఆటోలో వస్తుంది. కీర, బీట్‌రూట్, క్యారెట్, మొలకలు తరిగి డబ్బాల్లో పెడుతుంది. వాటి మీద వేసుకునే డ్రెస్సింగ్ ఆవిడ సొంత తయారీ. వేరుశనగ నూనె, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, చిన్న బెల్లం ముక్క. ఇంటికి కావాలన్నవాళ్లకి గాజు సీసాలో పోసి ఇస్తుంది. అయిపోయాక ఖాళీ సీసా తెచ్చి కొట్టు ముందున్న ట్రేలో పెట్టాలి. అప్పుడే ఇంకో సీసా.

జిమ్‌కి వచ్చే ఆడవాళ్లతో ఆవిడ ప్రోటీన్ పౌడర్ డబ్బాలు దండగ అని చెప్పేది. ఆ డబ్బాలు అమ్మేది నానాజీ. దీపావళికి ముందు పెద్ద తగువైంది. ఆవిడ బల్ల రోడ్డుకి అడ్డంగా ఉందని నానాజీ మున్సిపాలిటీకి కంప్లైంట్ పెట్టాడు. నడిరోడ్డు మీద ఆవిడ చెయ్యెత్తి నీ నోరు పడిపోనురా అంది.

ఎవరో ఫోన్‌లో తీశారు. ఇప్పుడా వీడియో ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

*

ఎస్సై లక్ష్మీకుమారి ఒంటిగంటకి వచ్చింది. వెంట హెడ్ కానిస్టేబుల్ పోతురాజు. కొట్టు ముందు జనం. తలుపులమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో కత్తి, ఒళ్లో బీట్‌రూట్లు. అంతమంది చూస్తుండగా తరుగుతూనే ఉంది.

"వీడియోలో ఉన్నది మీరేనా?"

"నానే."

"ఎందుకన్నారు?"

"పడిపోవాలని."

జనంలో గోల లేచింది. పోతురాజు లాఠీ నేలకి కొట్టాడు.

"పొద్దున్న జిమ్‌లోకి వెళ్లారట."

"ఎల్లేను. సెంబుతో నీలు అట్టుకెల్లేను."

"తగువున్న మనిషికి నీళ్లా?"

"పడిపోయినోడికి నీలియ్యడానికి సుట్టరికం సూడాలేటమ్మా?"

"సీసాలో ఏం కలిపారు?"

"నూని, నిమ్మకాయి, ఎల్లుల్లి, మిరియం, బెల్లం. ఇయ్యే సీసాలు ఊరంతా తింటంది. ఊరందరి నోరూ పడిపోయిందేటి? ఇంత గట్టిగా అరుత్తన్నారు."

లక్ష్మీకుమారి ఒక సీసా తీసి మూత విప్పి వాసన చూసింది. ఆవిడది రాంబిల్లి వైపు చేపల ఊరు. తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి చదివించింది. ఏ చేప ఎప్పుడు ఒడ్డుకొచ్చిందో ముక్కుతో చెప్పడం చిన్నప్పుడే అబ్బింది. సీసాలో తేడా ఏమీ లేదు. కాని ఒకటి చూసింది. ప్రతి సీసాలోనూ నూనె భుజం దాకానే ఉంది. మెడ ఖాళీ.

తక్కువ పోస్తున్నారెందుకని అడిగింది. కింద నిమ్మరసం, పైన నూనె, కుదపడానికి చోటుండొద్దా అని తలుపులమ్మ విసుక్కుంది. చెడిపోతే ఎలా తెలుస్తుందని అడిగింది. మూత తీస్తే బుస్సుమంటుందని, బుడగలొస్తాయని, వాసన మారుతుందని, నిన్నటి పిల్లని అడిగినట్టు తనని అడగొద్దని చెప్పింది. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, నాలుగో రోజుకి మిగిలితే పారబొయ్యాలి. ప్రతివాళ్లకీ ఇదే చెబుతుంది. నానాజీకీ చెప్పింది.

"అతనికి ఆఖరి సీసా ఎప్పుడిచ్చారు?"

"తగువుకి ముందు. రెండు సీసాలు అట్టుకెల్లేడు. తరవాత ఆడు రానేదు, నాను పిలవనేదు."

ఆ మాట ఎస్సై చెవిలో ఉండిపోయింది.

జనాన్ని తోసుకుంటూ దేవీప్రసాద్ వచ్చాడు. నానాజీకి బావ, అక్క మొగుడు. బెల్లం మార్కెట్‌లో గుమస్తా. జిమ్ పైన మేడలో బావమరిదితో కలిసే కాపురం. కేసులూ కోర్టులూ వద్దన్నాడు. ఆవిడ అందరి ముందూ తప్పొప్పుకుని చేతులు జోడించి, కొట్టు ఎత్తేసి తుమ్మపాల పోతే చాలన్నాడు. పెద్దమనిషిలా మాట్లాడాడని నలుగురు మెచ్చుకున్నారు.

తలుపులమ్మ కత్తి పక్కన పెట్టింది.

"సెయ్యని దానికి సెయ్యి జోడించను బాబూ. కావాలంతే సంకెల ఎయ్యమను. ఏసినా ఇక్కడే కూకుంటాను."

సాయంత్రం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. శాంపిళ్లు తీసుకున్నాడు. ట్రేతో సహా అన్నీ లోపల పెట్టించి షట్టర్ దించి సీలు వేశాడు. తలుపులమ్మ బల్ల మాత్రం కదల్చనివ్వలేదు. సీలు వేసిన షట్టర్‌కి వీపు ఆనించి, ఎదురుగా జిమ్ బోర్డు చూస్తూ కూర్చుంది.

*

మేడ మీద నానాజీ అక్క మహాలక్ష్మమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ని ఆవిడే పెంచింది. తులసికోట దగ్గర కార్తీక దీపం వెలుగుతోంది. మనిషి ఉపవాసంలో ఉంది.

నానాజీ సోమవారం రాత్రి ఉడికించిన బీట్‌రూట్ మీద డ్రెస్సింగ్ వేసుకు తిన్నాడు. ఆదివారం రాత్రీ అంతే. మిగతావన్నీ ఇంట్లో అందరూ తిన్నవే. మరి ఆ సీసా ఏది?

సీసా లేదు.

"ఎక్కడుండేది?" ఎస్సై అడిగింది.

మహాలక్ష్మమ్మ నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి దేవీప్రసాద్ అందుకున్నాడు.

"ఫ్రిజ్జిలో మేడం. పొద్దున్న సూసేసరికి నేదు. గొడవలో ఎవులో మేడెక్కి తీసేసేరు."

"ఎవరు?"

"అది మాయమైతే ఎవులికి మంచిదో ఆలే."

భార్య అతని వంక చూసింది. తల దించుకుంది.

లక్ష్మీకుమారి ఫ్రిజ్ తెరిచింది. పాలు, పెరుగు, పూలు, తమలపాకులు. అరలు తళతళలాడుతున్నాయి. పసుపు నీళ్లతో కడిగిన వాసన. బాగా ఉంచుకున్నారంది. ఆ ఏడుపులోనూ మహాలక్ష్మమ్మ ముఖం కాస్త తేరుకుంది. కార్తీకం వచ్చిందంటే ఫ్రిజ్ దేవుడి గదితో సమానమంది. నెల మొదలైన దగ్గర్నుంచి ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా దానికి సోకనివ్వలేదంది. ఇంట్లో వెతికినా ఒక్క రెబ్బ దొరకదంది.

ఎస్సై వంటింటి వెనక్కి నడిచింది. పడమటి గోడ. కిటికీ అరుగు మీద మూడు జాడీలు, మూతికి గుడ్డ కట్టి. ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ. పగటి ఎండకి అరుగు ఇంకా వెచ్చగా ఉంది. మూడో జాడీ పక్కన చిన్న గుండ్రటి మరక. జాడీది కాదు. సీసా అడుగంత ఉంది.

వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెల్లుల్లి. దాని మీద నూనె.

వేరుశనగ నూనె కాదు. నువ్వుల నూనె.

ఆవకాయకి ఏ నూనె పోస్తారని అడిగింది. నువ్వుల నూనే అని మహాలక్ష్మమ్మ చెప్పింది. ముక్క మునిగి పైకి తేలాలంది. పచ్చడికి శత్రువు నీరే, నూనె తేలితే ఏళ్లు నిలుస్తుందంది.

లక్ష్మీకుమారి ఇంకేమీ అడగలేదు. గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు.

మెట్లు దిగుతుంటే పోతురాజు నసిగాడు. ఊరంతా అంటోంది కదా, ఆ ముసల్దాన్ని లోపలేస్తే పోలేదా అన్నాడు.

"ఊరు అన్నదానికల్లా లోపలేస్తే, మనం బయట ఉండం పోతురాజూ."

*

బుధవారం పదింటికి మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చింది. దేవీప్రసాదే ఆఫీసు చుట్టూ తిరిగి తెప్పించాడు. కొట్టులో కూరలు కుళ్లి కంపు కొడుతున్నాయి, సీలు తీసి మొత్తం డంపింగ్ యార్డ్‌కి ఎత్తించండని వార్డులో పదిమంది చేత సంతకాలు పెట్టించాడు.

తలుపులమ్మ బల్ల ఎత్తడానికి ఇద్దరు వచ్చారు. ఆవిడ లేవలేదు.

"నాతో పాటే ఎత్తండి. ట్రాకటరులో కూకోని ఊరు సూసినట్టుంటాది."

ఎత్తడానికి వచ్చినవాళ్లకే నవ్వొచ్చింది. అంతలో జీపు వచ్చి ట్రాక్టర్ ముందు అడ్డంగా ఆగింది.

మున్సిపల్ కమిషనర్ ఆఫీసు నుంచి ఫోన్. ఎస్సై విని, ఇది క్రైమ్ సీన్, ఒక్క కీర ముక్క కదిలినా తను కేసు రాస్తానని చెప్పి పెట్టేసింది. పై అధికారి నుంచి ఫోన్. దానికీ అదే జవాబు, చివర ఒక సార్ తగిలించి.

తర్వాత దేవీప్రసాద్ వైపు తిరిగింది.

"బావమరిది వెంటిలేటర్ మీదున్నాడు. మీకు కీరకాయల కంపు గురించి బెంగా?"

అతను జేబురుమాలు తీశాడు. నవంబరు. చెమట పట్టే కాలం కాదు.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించింది. మహాలక్ష్మమ్మని కిందికి రమ్మంది. ఆసుపత్రి నుంచి హాసిని కూడా వచ్చింది. సాక్షులుగా పిలిచిన ఇద్దరు పంచాయతీదార్ల ముందు సీలు విప్పారు. షట్టర్ లేచింది.

లక్ష్మీకుమారి తిన్నగా ఖాళీ సీసాల ట్రే దగ్గరికెళ్లింది. గ్లౌజు తొడుక్కుంది. ఒక్కో సీసా ఎండకేసి పట్టి చూసి పక్కన పెట్టింది. అన్నిటిలోనూ ఆరిపోయిన నూనె గీత భుజం దగ్గర ఆగింది.

ఒకదానిలో ఆగలేదు. మెడదాకా ఉంది. మూత అంచు దాకా జిడ్డు. అడుగున దంచిన వెల్లుల్లి ముద్దగా అంటుకుని ఉంది.

వాసన చూసింది. మూత బిగించి హాసిని చేతిలో పెట్టింది.

"నానాజీ తిన్న సీసా ఇదే."

జనం వైపు తిరిగింది.

"ఇది ఫ్రిజ్‌లో ఉండేదని దేవీప్రసాద్ గారు చెప్పారు. అబద్ధం చెప్పేవాడు ఎప్పుడూ వస్తువు ఉండాల్సిన చోటే ఉందంటాడు. కాని ఆ ఇంట్లో ఇది కార్తీకం. వెల్లుల్లి వేసిన సీసా ఆ ఫ్రిజ్‌లో ఒక్క పూట ఉండదు. అది వెనక అరుగు మీద, పచ్చళ్ల పక్కన ఉండేది. మరక అక్కడుంది. మరకలో నువ్వుల నూనె ఉంది. తలుపులమ్మ నువ్వుల నూనె వాడదు. మెడదాకా పొయ్యదు. పోస్తే కుదపడానికి ఉండదు. మెడదాకా నూనె పోసేది పచ్చడి పెట్టే చెయ్యి."

మహాలక్ష్మమ్మ వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"సీసాని ఏం చేశారమ్మా?"

ఆవిడ మొగుడి వంక చూడలేదు ఈసారి.

"తగువయ్యేక ఆడు ఇంక ఆ కొట్టు మెట్టెక్కనన్నాడమ్మా. రెండో సీసా జాగ్రత్తగా దాసి పెట్టు అప్పా, నెల్లాళ్లు రావాల అన్నాడు. కార్తీకం వత్తంది కదా, ఫ్రిజ్జిలో ఉండకూడదు. అడుగున నీరుంది. నీరుంటే బూజట్టేత్తాది. అందుకని ఒడకట్టేసి నీరు పారబోసేను. ఇంట్లో మిగిలిపోయిన ఎల్లుల్లంతా దంచి అందులోనే ఏసేసేను. పైన మంచి నూని తేలేట్టు పోసేను. ఆదివారం ఇప్పి ఇచ్చేను. వాసన సూసే ఇచ్చేను తల్లీ. గుమగుమలాడింది."

"అది నీరు కాదే," అంది తలుపులమ్మ. "నిమ్మరసం."

హాసిని సీసా తిప్పి చూస్తోంది. ముఖం మారింది. వెల్లుల్లి మట్టిలో పెరుగుతుందని, ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి దానితోపాటే వస్తుందని చెప్పింది. పులుపులోనూ చల్లదనంలోనూ అది తల ఎత్తదు. పులుపు తీసేసి, గాలి తగలకుండా నూనె కింద దాచి, వెచ్చటి చోట ఉంచితే విషం కక్కుతుంది. ఆవకాయకి ఉప్పు, పులుపు, ఆవపిండి కాపలా ఉంటాయి. దీనికి ఏ కాపలా లేదు. బుసకొట్టాలని లేదు. బుడగ రావాలని లేదు. రుచి మారాలని లేదు. రెప్పలు వాలిపోతాయి, నోరు పడిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది. అచ్చం కట్లపాములాగే.

"చేప చెడితే చెబుతుంది," అంది లక్ష్మీకుమారి. "ఇది చెప్పదు."

హాసిని అప్పటికే ఫోన్‌లో ఉంది. ఈ విషానికి వేరే విరుగుడు ఉందని, ఎక్కడున్నా తెప్పించమని, తను దారిలోనే ఉన్నానని ఆసుపత్రికి చెబుతోంది. కారెక్కబోతూ ఆగి ఒక్క మాట అంది. నిన్న మధ్యాహ్నమే ఈ సీసా తన చేతికొస్తే బాగుండేది.

అందరూ దేవీప్రసాద్ వంక చూశారు.

అతను కొట్టు గోడకి ఆనుకున్నాడు. ఏం తిన్నాడని ఆసుపత్రిలో అడిగినప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. ఇంటికొచ్చి సీసా చూశాడు. మెడదాకా నూనె. తన ఇంటిదాని చెయ్యి తనకి తెలీదా? తమ్ముడికి విషం పెట్టిందని ఆవిణ్ని తీసుకుపోతారని భయపడ్డాడు. కాలువలో ఒంపేసి, జనం సందట్లో ఖాళీ సీసా ట్రేలో పెట్టేశాడు. సాయంత్రానికి తలుపులమ్మ ఎలాగూ కడిగేస్తుందనుకున్నాడు. సీలు వేస్తారనుకోలేదు.

"మా ఆడదాని కోసం మేడం."

"మీ ఆవిడ తెలియక చేసింది. మీరు తెలిసి దాచారు. ఒకరి మెడకి బదులు ఇంకొకరి మెడ పెట్టారు. ఆ ఒకరోజు పోయింది నానాజీకి."

పోతురాజు అతన్ని జీపు ఎక్కించాడు.

జనం కదల్లేదు. నిన్న అరిచినవాళ్లే ఇప్పుడు మెల్లగా అన్నారు, నాలుగో రోజుకి పారబొయ్యమని తలుపులమ్మ ముందే చెప్పింది కదా అని. ఆవిడ వాళ్ల వంక చూడలేదు.

మహాలక్ష్మమ్మ వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"పిన్నీ, నువ్వన్న మాట ఎనక్కి తీసుకో. ఆడు బతుకుతాడు."

"నా మాటకి నోల్లు పడిపోతాయేటే? అలగైతే ఈ ఈదిలో ఒక్క నోరు మిగల్దు."

"అయినా తీసుకో."

తలుపులమ్మ ఎదురుగా మూసి ఉన్న జిమ్ చూసింది.

"తీసుకోను. ఆడు లెగిసొచ్చి నాతో తగువాడాల. అప్పుడు ఇంకోటి తిడతాను. అందాకా ఇదే ఉంటాది."

*

విరుగుడు వచ్చింది. అది పోయిన బలాన్ని తిరిగివ్వదని, ఉన్నది పోకుండా ఆపుతుందని డాక్టర్ ముందే చెప్పింది. కార్తీకం వెళ్లింది. చెరకు కోతలు అయిపోయాయి. వెంటిలేటర్ తీసేదాకా చాలా రోజులు పట్టింది. దేవీప్రసాద్ బెయిల్ మీద వచ్చి, తలుపులమ్మ కొట్టు ఉన్న వైపు రోడ్డు కాకుండా అవతలి సందులోంచి మార్కెట్‌కి వెళ్తున్నాడు.

కొట్టు మళ్లీ తెరుచుకుంది. కొత్త బోర్డేమీ కట్టలేదు. బల్ల పాతచోటే ఉంది. సీసా పట్టుకెళ్లేవాళ్లని మాత్రం ఆవిడ ఊరికే వదలడం లేదు. ఇంట్లో ఫ్రిజ్ ఉందా, పనిచేస్తోందా, అందులో చోటిస్తారా అని అడిగి గాని ఇవ్వడం లేదు.

ఎండలు మొదలైన ఒక రోజు, లక్ష్మీకుమారి అక్కడ నిలబడి కీర ముక్కలు తింటుండగా జిమ్ గేటు తెరుచుకుంది.

నానాజీ. సగమైపోయాడు. చేతికర్ర. వెనక అక్క. రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. ఆటోలు ఆగాయి.

బల్ల ముందు నిలబడ్డాడు. పెదవులు కదిపాడు. మాట తడబడింది. మళ్లీ కదిపాడు.

"పిన్నీ. బల్ల. ఎనక్కి."

తలుపులమ్మ కత్తి ఆపింది. ఎస్సై నములుతున్న ముక్క అలాగే ఉంది.

"ఏటీ? ఇనపడనేదు."

"బల్ల. ఎనక్కి జరుపు. అడ్డం."

ఈసారి రోడ్డు అవతలికి కూడా వినిపించింది. తలుపులమ్మ లేచింది. ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, తడి తుడిచి, అతని చొక్కా జేబులో పెట్టింది.

"కుదుపుకోని తిను. నాలుగో రోజుకి పారబొయ్యి."

తర్వాత రెండు చేతులతో బల్ల పట్టుకుంది. కాళ్లు నేలకి తన్నిపెట్టి లాగింది.

ఇంకో అడుగు ముందుకి.